ఇంట్లో సిగ్నల్ లేదు, వైఫై ఉంది: అమ్మానాన్నల ఫోన్ మోగాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అమ్మానాన్న మందస మండలంలో కొండ దగ్గరి పల్లెలో ఉంటారు, మీరు విశాఖలో ఉద్యోగం. ఇంట్లో ఎక్కడా సిగ్నల్ రాదు, డాబా ఎక్కితే రెండు గీతలు కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులతో అమ్మ మెట్లెక్కలేరు. నాన్నగారికి పలాసలో డయాలసిస్, అక్కడి నుంచి ఫోన్ వస్తే అందటం లేదు. బ్యాంకు ఓటీపీ రావాలన్నా డాబా ఎక్కాల్సిందే. ఈమధ్య ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించారు. వైఫై మీద మామూలు ఫోన్ కాల్స్ వస్తాయంటున్నారు, నిజమా, డబ్బులు అవుతాయా, వాట్సాప్ చాలదా, అమ్మ బటన్ల ఫోన్ మార్చాలా, దుబాయ్‌లో ఉన్న తమ్ముడి సంగతేమిటి అని అడిగారు.

నిజమే, వస్తాయి. దీన్నే వైఫై కాలింగ్ అంటారు. మీ ఇంటి పరిస్థితికి ఇంతకంటే మంచి దారి లేదు. కొత్త నంబరు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, అదనంగా డబ్బులు కట్టాల్సిన పని లేదు. అమ్మగారి సిమ్, అదే నంబరు. ఈ సౌకర్యం ఉన్న ఫోన్‌లో ఒక సెట్టింగ్ ఆన్ చేస్తే చాలు, టవర్ బదులు ఇంట్లో వైఫై మీద కాల్ వస్తుంది. అయితే సెట్టింగ్ ఆన్ చేసి వదిలేస్తే సగం ఇళ్లలో వారం తిరక్కుండా "మాట తెగిపోతోంది, తీసేశాం" అంటారు. రూటర్ ఎక్కడ పెట్టారు, కరెంటు పోయినప్పుడు అది వెలుగుతుందా అన్న రెండు విషయాలు సరిచూసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఏళ్లుగా ఇంటర్నెట్ లైన్లు వేస్తూ, రూటర్లు అమరుస్తూ ఉన్నాను కాబట్టి ఆ రెండింటి గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి, అప్పుడే ఎక్కడ చెడుతుందో అర్థమవుతుంది. వైఫై కాలింగ్ ఆన్ చేశాక మీ ఫోన్ ఇంటర్నెట్ ద్వారా మీ సిమ్ కంపెనీ గేట్‌వేకి వెళ్లి, సిమ్‌లో ఉన్న రహస్య కీతో తనను తాను రుజువు చేసుకుంటుంది. ఆ తర్వాత ఫోన్‌కీ కంపెనీకీ మధ్య తాళం వేసిన సొరంగం లాంటి దారి ఏర్పడుతుంది. కాల్స్, ఎస్ఎంఎస్‌లు ఆ దారిలోనే నడుస్తాయి. అవతలి వాళ్లకు ఇదేమీ తెలియదు. వాళ్లది ల్యాండ్‌లైన్ కావచ్చు, బటన్ల ఫోన్ కావచ్చు, వాళ్ల దగ్గర ఇంటర్నెట్ లేకపోవచ్చు. మామూలుగా నంబరు నొక్కుతారు, అమ్మ ఫోన్ మోగుతుంది.

వాట్సాప్‌కీ దీనికీ తేడా ఇక్కడే. మీరూ అమ్మా మాట్లాడుకోవడానికి వాట్సాప్ చక్కగా సరిపోతుంది. కానీ డయాలసిస్ సెంటర్ వాళ్లు రోగి ఫైల్‌లో రాసుకున్న నంబరుకు మామూలు కాల్ చేస్తారు. గ్యాస్ వాళ్లు, బ్యాంకు వాళ్లు, సచివాలయం వాళ్లు అంతే. ఓటీపీ ఎస్ఎంఎస్‌గా వస్తుంది. ఇవి వాట్సాప్‌లోకి రావు. వైఫై కాలింగ్‌లోకి కాల్స్ వస్తాయి, ఎస్ఎంఎస్‌లు కూడా సాధారణంగా వస్తాయి. పెద్దవాళ్లున్న ఇంట్లో దీని అసలు విలువ ఇదే అని నా అభిప్రాయం. మనం వాళ్లకు ఫోన్ చేయడం కంటే, అవసరమున్న ఎవరు చేసినా అందడం ముఖ్యం.

"యాప్ వేయాలట కదా" అన్న మాట ఎందుకు వచ్చిందో కూడా చెబుతాను. 2018లో ప్రభుత్వం ఇంటర్నెట్ మీద మామూలు నంబర్లకు ఫోన్ చేయడానికి అనుమతి ఇచ్చినప్పుడు బీఎస్ఎన్ఎల్ 'వింగ్స్' అని తెచ్చింది. దానికి విడిగా యాప్, విడిగా నంబరు ఉండేవి. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నది అది కాదు. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ఫోన్‌లోనే ఉండే వైఫై కాలింగ్ మొదలుపెట్టాయి, వీఐ తర్వాత తెచ్చింది, బీఎస్ఎన్ఎల్ 2026 జనవరిలో దేశమంతా ఇచ్చింది. ఎవరైనా "వైఫై కాలింగ్ యాక్టివేషన్" అని లింక్ పంపినా, ఫైల్ పంపి ఇన్‌స్టాల్ చేయమన్నా అది మోసం. అమ్మానాన్నలకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంచండి.

డబ్బుల సంగతి. రీచార్జ్ ప్యాక్‌లో కాల్స్ ఉంటే వైఫై మీద కాల్స్ కూడా అందులోవే. ప్యాక్ అయిపోతే వైఫై ఉన్నా కాల్ చేయలేరు. ఇది చాలామందికి తెలియదు, "నెట్ బిల్లు కడుతున్నాం కదా" అంటారు. నెట్ బిల్లు దారికి, రీచార్జ్ నంబరుకు. రెండూ బతికి ఉండాలి. డేటా ఖర్చు గురించి ఆలోచించనక్కర్లేదు, నిమిషానికి 1 ఎంబీ అటూ ఇటూ.

ఇక బటన్ల ఫోన్. దానిలో ఇది రాదు, స్మార్ట్‌ఫోన్ కావాలి. ఖరీదైనది అక్కర్లేదు, కానీ కొనే ముందు ఆ మోడల్‌లో మీ సిమ్ కంపెనీ వైఫై కాలింగ్ వస్తుందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లోని జాబితాలో చూసుకోండి. ఫోన్‌లో సౌకర్యం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ కంపెనీ సిమ్‌కు దాన్ని తెరిచి ఉండాలి. దుబాయ్ నుంచి తమ్ముడు పంపిన ఫోన్ వాడదామనుకుంటే ముందు పరీక్షించండి. బయటి దేశాల్లో అమ్మే ఫోన్లలో మన కంపెనీల సెట్టింగ్స్ లేకపోవడం నేను తరచూ చూస్తున్నాను. సోంపేట, కవిటి వైపు గల్ఫ్ నుంచి వచ్చిన ఫోన్లు ఎక్కువ, అక్కడ ఈ ఫిర్యాదూ ఎక్కువే.

అమ్మ స్మార్ట్‌ఫోన్ వాడలేనంటే ఇంకో దారి ఉంది. మీ ఫైబర్ బాక్స్ వెనక టెలిఫోన్ తీగ పెట్టే చిన్న కన్నం ఉందేమో చూడండి. ఉంటే, మీ ఇంటర్నెట్ కంపెనీ వాయిస్ సౌకర్యం ఇస్తుంటే, పాత ల్యాండ్‌లైన్ సెట్ తగిలించుకోవచ్చు. రిసీవర్ ఎత్తితే మాట. చూపు సరిగా లేని పెద్దవాళ్లకు నేను ముందు దీన్నే సూచిస్తాను. నంబరు వేరే వస్తుంది, ఓటీపీలు అందులోకి రావు, అదొక్కటే లోటు. డయాలసిస్ సెంటర్‌లో రెండో నంబరుగా అది రాయించుకోవచ్చు.

సెట్టింగ్ ఎక్కడ ఉంటుంది: ఒక్కో ఫోన్‌లో ఒక్కో చోట దాచారు. అన్నిటికంటే సులువు, సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే చోట 'వైఫై కాలింగ్' అని కొట్టడం. శాంసంగ్‌లో ఫోన్ యాప్‌లో మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఉంటుంది. షావోమీ ఫోన్లలో సిమ్ కార్డుల సెట్టింగ్స్‌లో 'వైఫై ద్వారా కాల్స్ చేయి' అన్న అర్థం వచ్చే పేరుతో ఉంటుంది. ఐఫోన్‌లో మొబైల్ సర్వీస్ కింద. రెండు సిమ్‌లు ఉంటే రెండింటికీ విడివిడిగా ఆన్ చేయాలి. పనిలో పనిగా వోల్టీ, అంటే 4జీ మీద కాల్స్ వచ్చే సెట్టింగ్, కూడా ఆన్‌లో ఉందో లేదో చూడండి, అది లేకపోతే చాలా ఫోన్లలో ఇది పనిచేయదు.

ఆన్ చేశాక నమ్మకం కోసం ఇలా పరీక్షించండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేయండి. ఒక నిమిషం ఆగి వేరే ఫోన్ నుంచి కాల్ చేయండి. మోగితే అంతా సరిగ్గా ఉన్నట్టే, ఎందుకంటే ఏరోప్లేన్ మోడ్‌లో టవర్‌తో సంబంధమే లేదు. మోగకపోతే మీ ఫోన్ సిమ్ కంపెనీ దగ్గర వైఫై కాలింగ్‌కు రిజిస్టర్ కాలేదన్నమాట, దాని గురించి కింద రాశాను. పరీక్ష అయ్యాక ఏరోప్లేన్ మోడ్ తీసేయడం మరవకండి.

చాలా ఫోన్లలో దాని పక్కనే ఇంకో ఎంపిక ఉంటుంది, వైఫైకి ప్రాధాన్యమా, మొబైల్ నెట్‌వర్క్‌కు ప్రాధాన్యమా అని. మీ ఇంటికి వైఫై ప్రాధాన్యమే పెట్టండి. మొబైల్ ప్రాధాన్యం పెడితే కిటికీ దగ్గర దొరికిన పావు గీత సిగ్నల్‌నే ఫోన్ పట్టుకు వేలాడుతుంది. వైఫైకి రాదు, టవర్ మీద మాటా నిలవదు. సిగ్నల్ బొత్తిగా లేని ఇంటి కంటే అరకొరగా ఉన్న ఇంట్లోనే ఈ బాధ ఎక్కువ. బొత్తిగా లేకపోతే ఫోన్ మరో ఆలోచన లేకుండా వైఫై మీదే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాల్ తెగుతోందంటే అందరూ మొదట చేసేది ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకోవడం. దయచేసి ఆ ఖర్చు పెట్టకండి. ఒక వాయిస్ కాల్‌కు 100 కేబీపీఎస్ అటూ ఇటూ చాలు. అంటే ఎంత చిన్న ఫైబర్ ప్లాన్‌లోనైనా అలాంటి కాల్స్ ఎన్నో పడతాయి. మాటకు కావలసింది వేగం కాదు, ఆలస్యం లేకుండా, మధ్యలో ముక్కలు పోకుండా చేరడం. నోట్లోంచి వచ్చిన మాట అవతలి చెవికి 150 మిల్లీసెకన్ల లోపు చేరాలని అంతర్జాతీయ టెలికం ప్రమాణం చెబుతుంది. అది దాటుతున్నకొద్దీ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుకుంటారు. మన జిల్లాల్లో ఫైబర్ లైన్ మీద ఆ ఆలస్యం సాధారణంగా సమస్య కాదు. మాట పాడవుతున్నది రూటర్ నుంచి ఫోన్ దాకా ఉన్న ఆ పది, ఇరవై అడుగుల గాలిలో.

ఎందుకంటే లైన్ వేయడానికి వచ్చిన కుర్రాడు తీగ ఎక్కడ లోపలికి వచ్చిందో అక్కడే మేకు కొట్టి రూటర్ తగిలించి వెళ్తాడు. అది దాదాపు ఎప్పుడూ వీధి గదిలో, టీవీ వెనక. అమ్మ ఉండేది వంటగదిలోనో, పెరటి వసారాలోనో. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనుప బీరువా, ఒక ఫ్రిజ్. వీడియోలు చూస్తే ఇబ్బంది తెలియదు, ముందే కొంత నింపుకుని చూపిస్తుంది కాబట్టి. కాల్‌లో అలా నింపుకోవడానికి వీలు లేదు, పోయిన ముక్క పోయినట్టే.

రాజాం దగ్గర ఒక ఇంటి సంగతి చెబుతాను. ముందు భాగం కొత్త స్లాబ్, వెనక పాత పెంకుటిల్లు, మధ్యలో మట్టి గోడ. ఆ గోడ మూరెడు మందం. ముందు గదిలో మాట గాజులా వినిపిస్తుంది, వెనక గదిలోకి వెళ్తే చాలు కాల్ పోతుంది. ఆ ఇంటాయన ప్లాన్ రెండుసార్లు పెంచుకుని ఉన్నారు. రూటర్‌ను తీసుకెళ్లి నడవ తలుపు పైన, రెండు వైపులకూ కనిపించేలా పెట్టాను. అంతకు మించి ఏమీ మార్చలేదు. పెంచిన ప్లాన్ మళ్లీ తగ్గించుకున్నారు, కాల్స్ బాగానే వస్తున్నాయి.

మీ ఇంట్లో కూడా అదే చేయండి. రూటర్ ఇంటి మధ్యలో, మనిషి ఎత్తు కంటే పైన, ఏ ఇనుప వస్తువూ అడ్డం లేకుండా ఉండాలి. ఫైబర్ తీగను మీరే లాగి వంచకండి, లోపల గాజు పోగు విరిగిపోతుంది. కేబుల్ ఆయనను పిలిచి ఇంకో కొంత తీగ వేయించుకోండి, లేదా బాక్స్‌ను అక్కడే ఉంచి నెట్‌వర్క్ కేబుల్‌తో రెండో రూటర్ మధ్య గదిలో పెట్టించుకోండి. వైఫై రిపీటర్లు అని ప్లగ్గులో పెట్టేవి చవగ్గా దొరుకుతాయి, కాల్స్ కోసమైతే నేను వాటిని ఇష్టపడను. ఫోన్ ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు మాట తెగుతుంది. తీగతో కలిపిన రెండో రూటరే నయం.

రూటర్‌లో రెండు పేర్లు కనిపిస్తే ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. 5 వేగమైనది కానీ గోడ దాటలేదు. 2.4 నెమ్మది కానీ గోడలు దాటి పెరటి దాకా వస్తుంది. పల్లెలో చుట్టుపక్కల వైఫైలు తక్కువ కాబట్టి 2.4లో రద్దీ ఉండదు, అమ్మ ఫోన్‌ను దానికే కలపండి. విశాఖలో మీ అపార్ట్‌మెంట్‌లో మాత్రం దీనికి తలకిందులు, అక్కడ 2.4 నిండా పక్కింటి వైఫైలే, 5 మేలు.

కొలిచి చూడాలనుకుంటే ఉచిత వైఫై అనలైజర్ యాప్ వేసుకుని అమ్మ కూర్చునే చోట, పడుకునే చోట చూడండి. వైఫై బలాన్ని అది డీబీఎం అనే కొలతలో మైనస్ అంకెగా చూపిస్తుంది. మైనస్ 67 లేదా అంతకంటే మెరుగ్గా, అంటే మైనస్ 60, 55 అలా ఉంటే మాట బాగుంటుంది. మైనస్ 75 దాటి 80 వైపు పోయిందంటే అక్కడ కాల్ నిలవదు, రూటర్ జరపాల్సిందే.

ఇంట్లో మాట్లాడుతూ పెరట్లోకి, తోటలోకి నడిస్తే ఏమవుతుంది? బయట 4జీ ఉంటే కాల్ తెగకుండా టవర్ మీదకు మారుతుంది. బయట కూడా 4జీ లేకపోతే, లేక 2జీ మాత్రమే ఉంటే సాధారణంగా తెగిపోతుంది. మీ ఊళ్లో డాబా మీదే రెండు గీతలు అంటున్నారు కాబట్టి నేల మీద మారడం నమ్మకం తక్కువ. మాట్లాడేటప్పుడు ఇంట్లోనే కూర్చుని మాట్లాడమని చెప్పండి.

రెండో ముఖ్య విషయం కరెంటు. టవర్‌కు బ్యాటరీలు ఉంటాయి, చాలాచోట్ల జనరేటర్ ఉంటుంది. మీ రూటర్‌కు ఏమీ లేదు. కరెంటు పోయిన క్షణాన అమ్మ ఫోన్ మళ్లీ పాత స్థితికి వస్తుంది. ఇన్వర్టర్ ఉంటే రూటర్ ప్లగ్గు ఆ లైన్‌లో ఉందో లేదో చూడండి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కూడా టీవీ వెనక ప్లగ్గు దానికి కలపకపోవడం మామూలే. ఇన్వర్టర్ లేకపోతే రూటర్ల కోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. కొనే ముందు రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో ఫోటో తీసుకుని దుకాణంలో చూపించండి, చాలావాటికి 12 వోల్టులు ఉంటుంది. ఫైబర్ బాక్స్ వేరు, రూటర్ వేరు అయితే రెండింటికీ కావాలి. ఒక్కదానికే పెట్టి "పనిచేయట్లేదు" అనేవాళ్లు ఎక్కువ.

మీ ఇంట్లో బ్యాటరీ పెట్టినా ఊరంతా కరెంటు పోతే నెట్ ఉంటుందా అన్నది మీ కేబుల్ ఆపరేటర్ లైన్ ఎలా వేశాడన్న దాని మీద ఉంటుంది. ఇప్పటి ఫైబర్ లైన్లలో ఆపరేటర్ ఆఫీసు నుంచి మీ ఇంటి దాకా మధ్యలో కరెంటుతో నడిచే పరికరం ఉండదు, వెలుతురును పంచే స్ప్లిటర్లే ఉంటాయి. అటు ఆఫీసులో బ్యాటరీ, ఇటు ఇంట్లో యూపీఎస్ ఉంటే చాలు. కొన్ని పాత లైన్లలో మాత్రం వీధి మధ్యలో ఎవరి ఇంటి కరెంటుతోనో నడిచే స్విచ్ బాక్స్ ఉంటుంది, అది ఆగితే ఆ వీధంతా ఆగుతుంది. "ఊళ్లో కరెంటు పోతే మీ నెట్ ఉంటుందా" అని నేరుగా అడగండి, ఆయనకు తెలుసు.

తుపానుకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. మన దగ్గర ఫైబర్ తీగ ఎక్కువగా ఆ స్తంభాల మీదే పోతుంది, ఏపీ ఫైబర్‌నెట్ వేసిందీ అలాగే. స్తంభం పడితే కరెంటూ పోతుంది, నెట్టూ పోతుంది. అందుకే అమ్మ ఫోన్‌లో రెండో సిమ్‌గా ఊళ్లో డాబా మీద ఏది బాగా పలుకుతుందో ఆ కంపెనీది వేరేగా పెట్టండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే నాన్నగారి డయాలసిస్ గురించి సెంటర్‌తో మాట్లాడి పెట్టుకోవడం ఇంకా మంచిది.

అత్యవసర కాల్స్ గురించి ఒక హెచ్చరిక. 112కు చేస్తే ఫోన్ ముందు ఏదో ఒక టవర్‌ను, మీ కంపెనీది కాకపోయినా సరే, వెతుకుతుంది. ఏ టవరూ దొరక్కపోతే వైఫై మీద వెళ్లే అవకాశం ఉంది. అప్పుడు మీరు ఎక్కడున్నారో అవతలి వాళ్లకు టవర్‌ను బట్టి తెలిసే వీలు ఉండదు. 112కైనా 108కైనా ఫోన్ ఎత్తగానే మండలం పేరు, ఊరి పేరు, గుడో బడో ఒక గుర్తు చెప్పమని అమ్మానాన్నలకు అలవాటు చేయండి. ఆ మూడు ముక్కలూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫోన్ పెట్టే చోట అంటించండి. కంగారులో ఊరి పేరు కూడా నోటికి రాదు.

దుబాయ్‌లో తమ్ముడి సంగతి. అక్కడ వాట్సాప్ కాల్స్ ఆపేశారు, బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే పనిచేస్తాయి. ఆయన అక్కడి సిమ్ నుంచి మామూలు ఐఎస్‌డీ కాల్ చేస్తే అమ్మ ఫోన్ ఇంట్లో వైఫై మీద మోగుతుంది, ఇక్కడ కొత్తగా చేయాల్సింది లేదు. ఆయన తన భారతీయ సిమ్‌ను అక్కడి వైఫైలో పెట్టుకుని ఉచితంగా మాట్లాడదామనుకుంటే మాత్రం ఆగమనండి. విదేశంలో వైఫై కాలింగ్ ధరలు కంపెనీని బట్టి, రోమింగ్ ప్యాక్‌ను బట్టి ఉంటాయి. ముందు కస్టమర్ కేర్‌ను అడిగి, వాళ్లు చెప్పింది మెసేజ్ రూపంలో తీసుకుని అప్పుడు వాడమనండి.

ఇంకో ఉపాయం చెబుతాను, మన ఏజెన్సీ పక్క ఊళ్లలో బాగా పనికొస్తుంది. ఊళ్లో ఒక కంపెనీ సిగ్నల్ వచ్చి ఇంకో కంపెనీది రాదనుకోండి. సిగ్నల్ ఉన్న ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, సిగ్నల్ లేని ఫోన్‌ను దానికి కలపండి. రెండో ఫోన్‌కు అది వైఫైయే, దానిమీద కాల్స్ వస్తాయి. మీరు పండక్కి ఊరెళ్లినప్పుడు ఆఫీసు కాల్స్‌కు ఇది చాలు. రోజంతా పెడితే హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్ బ్యాటరీ అయిపోతుంది, అందుకే అమ్మానాన్నలకు ఇది సరిపోదు. రైల్వే స్టేషన్ వైఫై మీద కూడా కాల్స్ వస్తాయి, కానీ ముందు పేజీలో లాగిన్ అవ్వాలి. దానికి ఓటీపీ రావాలి, అది టవర్ మీద వస్తుంది. సిగ్నల్ లేకుండా అక్కడ మొదలుపెట్టలేరు.

పరాయి వైఫైలో మాట్లాడితే ఎవరైనా వింటారేమో అని భయపడతారు. ఫోన్ నుంచి సిమ్ కంపెనీ దాకా దారి తాళం వేసి ఉంటుందని పైన చెప్పాను కదా, ఆ వైఫై యజమానికి మాట వినపడదు.

ఇక అన్నీ చేసినా రిజిస్టర్ కాకపోతే. మొదట ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, ఫోన్, రూటర్ రెండూ ఆపి తీయండి. తర్వాత అదే ఫోన్‌ను వేరే వాళ్ల వైఫైకి, లేదా వేరే ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి చూడండి. అక్కడ వస్తే మీ ఫోన్, సిమ్ బాగున్నాయి, లోపం మీ ఇంటి లైన్‌లో. అప్పుడు కేబుల్ ఆయనకు ఈ మాట చెప్పండి: "వైఫై కాలింగ్‌కు యూడీపీ పోర్టులు 500, 4500 తెరిచి ఉండాలి, రూటర్‌లో ఐపీసెక్ పాస్‌త్రూ ఆన్ చేయండి." టెక్నికల్‌గా వినిపించినా ఇది చెబితే వాళ్లకు అర్థమవుతుంది, చెప్పకపోతే స్పీడ్ టెస్ట్ చేసి "నెట్ బాగానే ఉంది" అని వెళ్లిపోతారు. వేరే వైఫైలో కూడా రాకపోతే లోపం ఫోన్‌లోనో సిమ్‌లోనో ఉంది, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆ నంబరుకు సేవ ఆన్ చేయమనాలి.

కొన్నాళ్లు బాగా వచ్చి రాత్రిళ్లు మాత్రం మోగకపోతే బ్యాటరీ సేవర్‌ను అనుమానించండి. ఫోన్ పక్కన పెట్టగానే వైఫైని నిద్రపుచ్చే ఫోన్లు ఉన్నాయి. బొబ్బిలిలో ఒక పెద్దాయన ఫోన్ పగలంతా మోగేది, పడుకున్నాక మోగేది కాదు. ఆయన మనవడు బ్యాటరీ ఆదా కోసమని సేవర్ మోడ్ పెట్టి వెళ్లాడు, తీసేస్తే సరిపోయింది. అమ్మ ఫోన్‌లో దాన్ని ఆపేసి, రాత్రి చార్జింగ్‌లోనే పెట్టి పడుకోమనండి.

సిగ్నల్ బూస్టర్ కొనమని ఎవరైనా చెబితే వద్దు. టెలికం శాఖ అనుమతి లేకుండా బూస్టర్ పెట్టడం చట్టవిరుద్ధం, పైగా మీ ఇంట్లో పెట్టింది చుట్టుపక్కల అందరి సిగ్నల్‌నూ పాడుచేస్తుంది. ఆ డబ్బుతో రూటర్‌కు యూపీఎస్ కొనండి.

ఈ ఆదివారం ఊరెళ్తానన్నారు కదా. ముందు రూటర్ జరిపించి, తర్వాత సెట్టింగ్ ఆన్ చేసి, ఏరోప్లేన్ మోడ్ పరీక్ష అమ్మ పడుకునే గదిలో చేయండి. ఆ తర్వాత మెయిన్ స్విచ్ ఆపి అదే పరీక్ష మళ్లీ చేయండి. రెండుసార్లూ మోగితేనే పని అయినట్టు. ఎక్కడైనా ఆగిపోతే అమ్మ ఫోన్ మోడల్, సిమ్ కంపెనీ, ఫైబర్ బాక్స్ మీద ఏ లైట్లు ఏ రంగులో వెలుగుతున్నాయో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను. బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతుంటే మాత్రం సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టకండి. అది సాధారణంగా ఫైబర్ తీగలో లోపం ఉందన్న గుర్తు, నేరుగా కేబుల్ ఆయనకు ఫోన్ చేయండి.